వియ్యాలవారు జర్మన్ మూలాల వాళ్ళయితే: కోనసీమలో రెండు రోజుల కుటుంబ కలయికకు ఏర్పాట్లు

గోదావరి జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. వాళ్ళ పిల్లలు అక్కడి కుటుంబాలతో వియ్యమందుకుంటున్నారు. పెన్సిల్వేనియా, ఒహాయో, విస్కాన్సిన్ వైపు సంబంధమైతే అవతలివాళ్ళ ముత్తాతలు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి కుటుంబాల్లో చాలా వాటికి ఏడాదికోసారి ఒక వారాంతంలో అందరూ కలిసే అలవాటు ఉంది. శాఖకొక రంగు పేరుబిళ్ళ, గోడమీద వంశవృక్షం, ఇంటికొక వంటకం, చివర్లో వచ్చే ఏటి తేదీ, దాన్ని చూసుకునే మనుషుల ఎంపిక ఉంటాయి. మనం కలిసేది పెళ్ళిళ్ళలో, పెద్దకర్మల్లో. అక్కడ భోజనం చేసి పలకరించేలోపే బస్సు టైమవుతుంది.

అందుకని ఈ రెండు రోజుల కలయికకు ఒకటే పని పెట్టుకోండి. వరసలు కలవాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎదుటి మనిషి ఎవరి బిడ్డో, తనకు ఏమవుతారో తెలియాలి. ఈ కింది ఏర్పాట్లన్నీ దానికోసమే. పది పన్నెండు గుమ్మాలు, వియ్యాలవారి తరఫు పదిహేను మంది, మొత్తం 120 మందికి లెక్క వేశాం. ఎక్కువ తక్కువలు మీరు సర్దుకోండి.

ఎప్పుడు పెట్టుకోవాలి

క్రిస్మస్ అయ్యాక, సంక్రాంతికి ముందు వచ్చే శని ఆదివారాలను మించినవి లేవు. అమెరికా స్కూళ్ళకు సెలవులు. తుఫానుల కాలం దాటిపోతుంది, సార్వా కోతలు అయిపోతాయి, కాలవల్లో నీళ్ళుంటాయి, ఎండ ఉండదు. అన్నిటికన్నా పెద్ద సౌకర్యం ధనుర్మాసం. పెళ్ళి ముహూర్తాలు ఉండవు కాబట్టి వంట మేస్త్రులు, షామియానా వాళ్ళు, కల్యాణమండపం గదులు ఖాళీగా ఉంటాయి. మాఘమాసం ముహూర్తాల్లో నెల ముందు అడిగినా దొరకని వంట మేస్త్రి ధనుర్మాసంలో వారం ముందు అడిగినా ఒప్పుకుంటాడు.

సంక్రాంతి మూడు రోజుల్లో మాత్రం వద్దు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూపించాలని అందరికీ ఉంటుంది. కానీ ఆ రోజుల్లో రైలు టిక్కెట్టు ఉండదు, రోడ్డు కదలదు, ఎవరి ఇంట్లో వాళ్ళకు పండగ పనులు. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆ తేదీ లెక్కకట్టి ప్రతి గుమ్మానికీ ముందే చెప్పండి. వేసవి మామిడిపండ్లకు బాగుంటుంది గానీ అప్పుడు కాలవలు కట్టేస్తారు, ఉక్కపోతకు పెద్దవాళ్ళు, చలిదేశం నుంచి వచ్చినవాళ్ళు నిలవలేరు. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద భయం. లంకల్లో ఇళ్ళున్నవాళ్ళు ఒకవేళ వచ్చినా తిరిగి వెళ్ళలేరు. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్ళీ 2027లో. ఆ రోజుల దరిదాపుల్లోకి అసలు వెళ్ళకండి.

రాకకు రాజమండ్రినే కేంద్రం చేసుకోండి. విమానం మధురపూడిలో దిగుతుంది. అక్కణ్ణుంచి రావులపాలెం మీదుగా అమలాపురం వైపు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పొద్దున్నే పొగమంచు ఉంటే ఇంకో అరగంట వేసుకోండి. భీమవరం, నరసాపురం చుట్టాలు సఖినేటిపల్లి రేవులో పంటు దాటి వద్దామనుకుంటారు. పొగమంచు పట్టినా, నీటిమట్టం మారినా పంటు ఆగుతుంది. పెద్దవాళ్ళను, సామానును చించినాడ వంతెన మీదుగానే రమ్మనండి.

ముందు వంశవృక్షం, తర్వాతే షామియానా

మూడు నెలల ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదొక్కటే. మిగతావన్నీ నెలలో అవుతాయి.

మీరు కలపాలనుకుంటున్న అందరికీ ఉమ్మడిగా ఉన్న దంపతులను ఎంచుకోండి. ముత్తాత, ముత్తవ్వ అయితే సరిగ్గా సరిపోతుంది. ఇంకో తరం పైకి పోతే జనం మూడింతలవుతారు, రెండు రోజులు చాలవు. ఆ దంపతులకు 1 అని నంబరు. వాళ్ళ సంతానానికి పుట్టిన వరసలో 1.1, 1.2, 1.3. మూడో సంతానపు రెండో బిడ్డ 1.3.2. ఇలా కిందికి దిగుతూ పోవాలి. నంబరు చూస్తే ఏ శాఖో, ఏ తరమో తెలిసిపోతుంది. రెండు చుక్కలున్నవాళ్ళంతా ఒక తరం, మూడు చుక్కలున్నవాళ్ళు వాళ్ళ పిల్లలు. అమెరికాలో వంశచరిత్రలు రాసుకునేవాళ్ళకు ఈ పద్ధతి బాగా తెలుసు, వియ్యాలవారికి కొత్తగా చెప్పక్కర్లేదు.

మన వంశవృక్షాల్లో తరచూ జరిగే తప్పు ఆడపిల్లలను వదిలేయడం. పౌరోహిత్యపు లెక్కలో గోత్రం మారిందని వాళ్ళ పేరు దగ్గరే గీత ఆపేస్తారు. అలా ఆపితే ఈ కలయికకే అర్థం లేదు. వియ్యాలవారు వస్తున్నదే ఆడపడుచు శాఖ ద్వారా. ప్రతి కూతురికీ నంబరు, ఆమె భర్తకు అదే నంబరు పక్కన 'స', పిల్లలకు కింద నంబర్లు ఉండాల్సిందే. చిన్నప్పుడే పోయిన పిల్లలకూ నంబరు ఇవ్వండి. ఆ పేరు విన్నప్పుడు ఇంట్లో పెద్దావిడ కళ్ళలో కనబడేదే ఆ నంబరుకు కారణం.

దత్తత వెళ్ళినవాళ్ళకు పెంచిన ఇంటి నంబరు అసలుది, పుట్టిన ఇంటి నంబరు దాని కింద చిన్నగా. మేనరికాలు వచ్చినప్పుడు ఇద్దరికీ ఎవరి నంబరు వాళ్ళకే ఉంచి, ఇద్దరి మధ్యా అడ్డగీత గీయండి. 1.2.1 అనే మనుమరాలు 1.4.3 అనే మనుమణ్ణి చేసుకుంటే పిల్లలు తండ్రి కింద 1.4.3.1 అవుతారు, తల్లి నంబరు పక్కన రాస్తాం. కంప్యూటర్‌లో చేసేవాళ్ళు గ్రాంప్స్ లాంటి ఉచిత ప్రోగ్రాం వాడితే ఈ అడ్డగీతలను అది తట్టుకుంటుంది. మామూలు ఎక్సెల్‌లో అదే మనిషి రెండుసార్లు వచ్చి లెక్క తప్పుతుంది. ఈ గీతలు చూసి వియ్యాలవారు తప్పకుండా అడుగుతారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దగ్గరి కజిన్ల పెళ్ళిని చట్టం ఒప్పుకోదు. మేనమామ బిడ్డను, మేనత్త బిడ్డను చేసుకోవడం మనకు తరతరాల ఆచారమనీ, పెదనాన్న బిడ్డ మాత్రం మనకు సొంత చెల్లెలేననీ ఒకరు ముందే కూర్చుని స్పష్టంగా చెప్పాలి. ఇది దాచాల్సిన సంగతి కాదు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటే, పెళ్ళి శుభలేఖలు, పాత దస్తావేజులు. దస్తావేజులో 'ఫలానా వారి కుమారుడు ఫలానా' అని ఉంటుంది కాబట్టి ఒక్క కాగితంలో రెండు తరాలు, భాగపంపిణీ పత్రమైతే అన్నదమ్ములందరూ దొరుకుతారు. ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగొచ్చు. కాశీకో గయకో వెళ్ళి పిండాలు పెట్టినవాళ్ళుంటే అక్కడి పండాల పుస్తకాల్లో పేర్లు రాసి ఉంటాయి. మన వైపు లూథరన్ క్రైస్తవ కుటుంబమైతే పాత సంఘం దగ్గరుండే బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చూడండి.

వియ్యాలవారి చార్టు

వాళ్ళ వంశవృక్షం మన దాని పక్కనే, అదే ఎత్తులో పెట్టండి. వాళ్ళు పంపాల్సినవి నాలుగు: మొదట ఓడ ఎక్కిన మనిషి పేరు, ఏడాది, రేవు, జర్మనీలో స్వగ్రామం. నాలుగోదే కష్టం. అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు 'ప్రష్యా' అనో 'బాడెన్' అనో ఉంటుంది. మన వైపు 'మద్రాసు ప్రెసిడెన్సీ' అని రాసినట్టు. చర్చి పుస్తకాలు గ్రామాల వారీగా ఉంటాయి కాబట్టి ఊరు తెలియందే అక్కడ ఒక్క పేజీ తిరగదు. హాంబుర్గ్‌లో ఎక్కినవాళ్ళయితే 1850 నుంచి 1934 దాకా ప్రయాణికుల జాబితాలు మిగిలాయి, వాటిలో ఎక్కణ్ణుంచి వచ్చారో రాసి ఉంటుంది. బ్రెమెన్ జాబితాలు చాలావరకు పోయాయి. దొరికిన పాత కాగితాలు కుర్రెంట్ అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఈ తరం జర్మన్లే చాలామంది దాన్ని చదవలేరు, కాబట్టి ఫొటో పెద్దది చేసి కింద చదివిన పాఠం అంటించమనండి.

వియ్యాలవారి వైపు 'జాన్'లు ఎక్కువుంటే కంగారు పడకండి. ఆ రోజుల్లో జర్మన్ ఇళ్ళల్లో మగపిల్లలకు యోహాన్ అని ముందు పెట్టి, పిలవడానికి రెండో పేరు వాడేవారు. యోహాన్ గెయోర్గ్, యోహాన్ మిఖాయెల్ అన్నదమ్ములే కావచ్చు. మన ఇంట్లో తాత పేరు నలుగురు మనుమలకు పెట్టి పెద సత్యం, చిన సత్యం అన్నట్టే. రెండు చార్టుల్లోనూ పిలుపు పేరు కింద గీత గీయండి. ఇంటిపేరుకు విడిగా ఒక గడి ఉంచండి, ఎందుకంటే మనకు ఇంటిపేరు ముందు, వాళ్ళకు చివర. ఒకే గడిలో రాస్తే మన పెదనాన్నను వాళ్ళు ఇంటిపేరుతో పిలుస్తారు. వాళ్ళ ఇంటిపేరు అక్కడికి వెళ్ళాక మారి ఉండొచ్చు. ష్మిట్ కాస్తా స్మిత్, ముల్లర్ కాస్తా మిల్లర్ అయింది. పాత పేరు పక్కన రాయించండి. ఇంటిపేరుకు అర్థం కూడా రాయిస్తే పిల్లలకు బాగా పడుతుంది. ష్నైడర్ అంటే బట్టలు కుట్టేవాడు, ష్మిట్ అంటే కమ్మరి. మనకు ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ళ మీద వచ్చాయి.

రెండు చార్టుల మధ్య ఖాళీలో ఒక చిన్న కాగితం అంటించడానికి సరిపడే సంగతి ఉంది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అనే లూథరన్ మిషనరీ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, 1807లో ఫిలడెల్ఫియాకు వలస వెళ్ళి, 1842లో గుంటూరు చేరాడు. రాజమండ్రిలో జర్మన్ మిషనరీల పని కూడా 1840లలోనే మొదలైంది. జర్మనీ, పెన్సిల్వేనియా, తెలుగు నేల ఒకే మనిషి జీవితంలో కలిశాయని ఆ కాగితం ముందు నిలబడి అందరూ చదువుతారు.

ఇక అచ్చు విషయం. ఫ్లెక్సీ వేయించకండి. దానిమీద పెన్సిలు పడదు, తప్పు దిద్దడానికి వీలుండదు. దిద్దించుకోవడమే చార్టు పని. మామూలు మందపాటి కాగితం మీద పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషు లిపిలోనూ, కళ్ళజోడు మర్చిపోయిన తాతగారికి కనబడేంత అక్షరం. గోడకు రెండడుగుల ఎత్తున మొదలుపెట్టండి, పిల్లలది, కుర్చీలో కూర్చునేవాళ్ళది అదే ఎత్తు. కింద దారంతో నాలుగు పెన్సిళ్ళు వేలాడదీయండి. మంచుకు కాగితం వదులవుతుంది కాబట్టి వీధి అరుగు మీద కాకుండా మండువా లోపలి గోడకు కట్టాలి.

పేరుబిళ్ళలు శాఖకొక రంగు. పిలుపు పేరు పెద్దగా, నంబరు చిన్నగా. మెడలో వేసుకునే తాడు పెడితే బిళ్ళ తిరగబడి వెనకవైపు కనబడుతుంది. రెండు వైపులా అచ్చు వేయించండి. వియ్యాలవారి చేతిలో ఇంకో కార్డు ఉండాలి. జర్మన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ తల్లి తమ్ముడైనా తండ్రి తమ్ముడైనా ఒకటే మాట. మనకు మావయ్య వేరు, బాబాయి వేరు. పెదనాన్న, బాబాయి, మావయ్య, పెద్దమ్మ, పిన్ని, అత్తయ్య, బావ, వదిన, మరదలు, ఈ తొమ్మిది చాలు, పలికే తీరుతో సహా. మన పెద్దవాళ్ళు వాళ్ళను బావగారు, వదినగారు అని పిలవడం మొదలుపెడితే రెండో పూటకి వాళ్ళూ అలాగే పిలుస్తారు.

ఇల్లు, నీళ్ళు, కాగితాలు

పగలంతా పెద్దింట్లో, రాత్రి పడక మూడు నాలుగు చోట్ల. ఇదే కుదిరే పద్ధతి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు మీ ఇంట్లో పడుకుంటే, వచ్చిన 24 గంటల్లోపు విదేశీ అతిథి వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవారు) ఆన్‌లైన్‌లో నింపాల్సిన బాధ్యత ఇంటివాళ్ళదే. హోటలైతే వాళ్ళు నింపుతారు. సొంతింటికి అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. లాగిన్ వారం ముందే తయారు చేసుకుని, పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ముందే తెప్పించుకోండి.

తాగేందుకు, వడ్డనకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క. 120 మందికి రోజుకు 24 క్యాన్లు, 20 లీటర్లవి. వియ్యాలవారికి మూత తీయని సీసాలు విడిగా ఉంచి, పళ్ళు తోముకోవడానికీ అవే వాడమనండి. అందరూ మర్చిపోయేది అదే. ఐసుగడ్డ ఎవరికీ వద్దు. సముద్రం వైపు ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అలాంటి చోట వంటకు కూడా క్యాన్ల నీళ్ళే లెక్క వేయాలి, లేకపోతే పప్పు ఉడకదు.

మరుగుదొడ్లు కనీసం ఆరు, అందులో రెండు కూర్చునేవి. సెప్టిక్ ట్యాంకు పదిరోజుల ముందే ఖాళీ చేయించండి. ఆ ఒక్క పని వాయిదా వేసినవాళ్ళకు శనివారం సాయంత్రానికే చిక్కు. లైట్లు, ఫ్యాన్లు, మైకు, రెండు ఫ్రిజ్‌లకు 10 కె.వి.ఏ. జనరేటరు చాలు. ఏసీలు కలపకండి, ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కోటి రెండు కిలోవాట్ల దాకా లాగుతుంది. డిసెంబరు రాత్రుల్లో ఏసీ కన్నా దోమతెర ముఖ్యం.

వంట

ఎవరికోసమో విడిగా 'ఫారిన్ వంట' చేయించకండి. వియ్యాలవారిని పంక్తిలోంచి వేరు చేసే దారి అది. మన విందులోనే కారం లేనివి బోలెడున్నాయి. ముద్దపప్పు నెయ్యి, అరటికాయ వేపుడు, పెరుగన్నం, పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో ఆవిరి పట్టే ఇడ్లీలు), బొబ్బట్లు, ఆత్రేయపురం పూతరేకులు. సాంబారు, చారు మాత్రం మిరపకాయలు పడకముందే రెండు లీటర్లు పక్కకు తీయమనండి. వేరుసెనగ, జీడిపప్పు, నువ్వులు, రొయ్యలు ఎవరికి పడవో నెల ముందే రాయించుకోండి. గోధుమ పడనివాళ్ళుంటే ఇంగువ చూసుకోవాలి. బజారు ఇంగువ పొడిలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. ఈ సంగతి వంట మేస్త్రికి కూడా తెలియకపోవచ్చు.

శనివారం మధ్యాహ్నం శాకాహారమే పెట్టండి, అందరూ ఒకే పంక్తిలో తింటారు. 120 మందికి అన్నానికి 12 కిలోల బియ్యం, పులిహోరకు 4 కిలోలు, ముద్దపప్పుకు కందిపప్పు 3 కిలోలు, వంకాయ 12 కిలోలు, పెరుగు 14 లీటర్లు, నెయ్యి కిలోన్నర. పులిహోరకు కిలో బియ్యానికి చింతపండు 120 నుంచి 150 గ్రాములు, పులుపును బట్టి. వేడి అన్నాన్ని వెడల్పుగా పరిచి ముందు పసుపు, నూనె కలిపి, చల్లారాకే పులుసు కలపాలి. వేడిమీద కలిపితే ముద్దకట్టి, మూడో బంతికి వచ్చేసరికి బిగుసుకుపోతుంది. పనసపొట్టు దొరికితే ఆవ పెట్టి చేయించండి.

ఆదివారం మాంసాహారం. కోడి 18 కిలోలు, శాకాహారుల సంఖ్యను బట్టి తగ్గించండి. చేపల్లో ముళ్ళు తక్కువున్న పండుగప్ప తీసుకోండి. ముల్లు ఏరుకుని తినడం చిన్నప్పటి నుంచి అలవాటు లేనివాళ్ళకు బొచ్చె ముక్క ప్రమాదం. పులస గురించి అడిగితే అది వరదల కాలపు చేపని చెప్పండి. ఆవుమాంసం, మద్యం ఇంటికి తేకూడదని ముందే ఒక్క మాట రాసేయండి. తెలిస్తే ఎవరూ నొచ్చుకోరు, తెలియక తెస్తేనే ఇబ్బంది.

బంతికి 40 మంది, మూడు బంతులు, ఒక్కోటి 35 నిమిషాలు. వడ్డనకు ఎనిమిది మంది. నేలమీద కూర్చోలేనివాళ్ళకు బల్ల వేయండి. కానీ ఆ బల్ల మీద మన మోకాళ్ళనొప్పుల పెద్దవాళ్ళూ కూర్చోవాలి, అది వియ్యాలవారి బల్ల అయిపోకూడదు. జర్మన్ లూథరన్ ఇళ్ళల్లో తినేముందు ప్రార్థన చేసుకునే అలవాటు ఎక్కువ. వడ్డన పూర్తయ్యాక అర నిమిషం అందరూ ఆగితే సరిపోతుంది.

వాళ్ళ వంటకం ఒకటి తప్పకుండా ఉండాలి. బంగాళాదుంపల సలాడ్ పెట్టుకోండి, అయితే అమెరికాలో చేసే మయొనైజ్‌ది కాదు. మన గాలికి అది రెండు గంటలు దాటితే తినకూడదు. దక్షిణ జర్మనీ పద్ధతిలో వినెగర్‌తో చేసేది మన వాతావరణానికి సరిపోతుంది. అందరికీ కొంచెం కొంచెం రావాలంటే దుంపలు 8 కిలోలు. కొత్త దుంపలే తీసుకోవాలి, నిలవ దుంప ఉడికితే పిండైపోతుంది. తొక్కతో ఉడికించి, చెయ్యి ఓర్చుకునేంత వేడిలో తొక్క తీసి, పావు అంగుళం మందాన చక్రాలు తరగండి. లీటరున్నర కూరగాయల నీళ్ళు (కేరట్, ఉల్లి, మిరియాలు మరిగించి వడగట్టినవి) మరుగుతుండగా అర లీటరు వినెగర్, 100 గ్రాముల ఉప్పు, 60 గ్రాముల పంచదార, 150 గ్రాముల నూరిన ఆవాల ముద్ద కలిపి, కిలోన్నర సన్నటి ఉల్లితరుగుతో సహా దుంపల మీద పోయాలి. అరగంట కదపకూడదు. దుంప ఆ పులుసంతా పీల్చుకుని మెరుస్తూ కనబడ్డాక, చివర్లో 400 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనె. నూనె ముందు పడితే దుంపకు పూతపట్టి పులుపు లోపలికి పోదు, అడుగున నీళ్ళు మిగిలిపోతాయి. మాంసం నీళ్ళు వాడకుండా చేసినందువల్ల శాకాహారులూ తినొచ్చు. ఆవాల ఘాటు ఉంది కాబట్టి మనవాళ్ళు మళ్ళీ అడుగుతారు.

పొట్టిక్కలు ఆదివారం ఉదయానికి. ఇది తిండితో పాటు పని కూడా. శనివారం సాయంత్రం బుట్టలు కుట్టడానికి అందరినీ కూర్చోబెట్టొచ్చు. మనిషికి రెండు చొప్పున 240, చిరిగేవాటికి ఇంకో 20. ఒక్కోదానికి నాలుగు పనసాకులు, అంటే 1,040. లేత ఆకు చిరుగుతుంది, బాగా ముదిరింది మడిస్తే విరుగుతుంది. నడిమి ఆకులే కోయించి, కడిగి తుడిచి ఉంచండి. నాలుగు ఆకుల మొనలు మధ్యలో ఒకదానిమీదొకటి వచ్చేలా పెట్టి కొబ్బరీనె ముక్కతో గుచ్చి, పక్కపక్క ఆకుల అంచులను పైకి లేపి ఒక్కో ఈనెతో కుట్టుకుంటూ పోతే బుట్ట నిలబడుతుంది. అడుగున వెలుతురు కనబడితే అది పనికిరాదు. తడిగుడ్డ కప్పి రాత్రికి ఉంచాలి. పిండికి మినప్పప్పు 4 కిలోలు, ఇడ్లీ రవ్వ 8 కిలోలు, ఇడ్లీ పిండి కన్నా గట్టిగా కలపాలి. పల్చన చేస్తే కుట్ల మధ్య నుంచి కారిపోయి సగం ఖాళీ బుట్టలు దిగుతాయి. ముప్పాతిక వంతే నింపి 20 నిమిషాల పైన ఆవిరి పట్టండి. ఈనె ముక్కలు తీసి తినమని పిల్లలకు, వియ్యాలవారికి విడిగా చెప్పండి.

రెండు రోజుల నడక

శనివారం ఉదయం వచ్చినవాళ్ళు వచ్చినట్టు టిఫిను, పేరుబిళ్ళ, చార్టు దగ్గర తన పేరు వెతుక్కోవడం. పది గంటలకు శాఖల పరిచయం. ఒక్కో శాఖకు అయిదే నిమిషాలు. మైకు శాఖలో పెద్ద చేతికి కాకుండా పదిహేనేళ్ళ పిల్ల చేతికివ్వండి. ఆ పిల్ల పేర్లు చెప్పాలంటే ముందురోజే వాళ్ళమ్మను అడిగి నేర్చుకుంటుంది.

మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు వరకు ఎవరికీ కార్యక్రమం లేదు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళకు అది తెల్లవారుజాము లెక్క, పడుకోనివ్వండి. ఆ వేళలోనే ఒక గదిలో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేయండి. ఎనభై దాటిన వాళ్ళందరివీ తీసుకోవాలి, ఒక్కొక్కరికి ముప్పావుగంట. వేదిక మీద మైకు ముందు వాళ్ళు నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతారు. గదిలో అయితే మాట నడుస్తుంది. ఫ్యాను ఆపి, కాలరుకు చిన్న మైకు పెట్టి, అడిగేవాళ్ళు ఒకరు, వినేవాళ్ళు ఒకరు. 'మీ చిన్నతనం గురించి చెప్పండి' అంటే ఏమీ రాదు. పాత ఫొటో చేతికిచ్చి 'ఈయన పక్కన నిలబడ్డది ఎవరు?' అనండి.

పాత ఫొటోల దగ్గర ఒక జాగ్రత్త. మన చెమ్మకు ఫ్రేములోని ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటుంది. విప్పి లాగితే ముఖాల మీది పొర అద్దంతోనే వచ్చేస్తుంది. లాగకండి. అద్దంతో సహా కిటికీ పక్కన, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, నల్లచొక్కా వేసుకున్న మనిషి నేరుగా పైనుంచి తీస్తే నీడ, మెరుపు రావు. విడిగా ఉన్న ఫొటోలైతే 600 డి.పి.ఐ.లో స్కాన్ చేసి, ఫైలు పేరులో ఆ మనుషుల నంబర్లు రాయండి.

అందరి ఫొటో శనివారమే తీసేయాలి, ఆదివారం సగంమంది బ్యాగులతో ఉంటారు. డిసెంబరు చివర్లో అయిదున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది, కాబట్టి నాలుగున్నరకు వరసల్లో ఉండాలి. 24 మంది చొప్పున అయిదు వరసలు, వెడల్పు 35 అడుగుల పైన. నేలమీద పిల్లలు, కుర్చీల్లో పెద్దవాళ్ళు, నిలబడినవాళ్ళు, వెనక రెండు వరసలకు బల్లలు. కెమెరా మేడ పిట్టగోడ మీద. ముందు అందరిదీ, ఆ తర్వాతే శాఖలవి. తిరగేసి శాఖలతో మొదలుపెడితే శాఖ ఫొటో అయినవాళ్ళు టీకి వెళ్ళి మళ్ళీ దొరకరు.

ఆదివారం పొట్టిక్కలయ్యాక గుడికి వెళ్ళేవాళ్ళు గుడికి, చర్చికి వెళ్ళేవాళ్ళు చర్చికి. పదకొండు గంటలకు ముప్పావుగంట సమావేశం. ఖర్చు లెక్క చదవడం, వచ్చే కలయిక తేదీ, దాన్ని చూసుకునే ముగ్గురి పేర్లు. ముగ్గురూ మూడు శాఖల వాళ్ళయి ఉండాలి, ఒకరైనా ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు. చందా తలకు కాకుండా సంపాదించే గుమ్మానికి ఇంత అని పెట్టండి. వితంతువులను, చదువుకునేవాళ్ళను అడగొద్దు. తక్కువ పడితే వియ్యాలవారి అలవాటైన వేలంపాట మనకూ కొత్త కాదు. ఇంటికొకటి తెచ్చిన వస్తువు, అది ఆవకాయ జాడీ అయినా పాత ఇత్తడి చెంబైనా, పాట పెట్టి ఆ డబ్బు వచ్చే ఏటికి జమ కట్టండి. ఆస్తి తగాదాల మాట ఈ రెండు రోజులూ ఎత్తకూడదని పిలుపులోనే రాయాలి. ఆ మాట చార్టు ముందు మొదలైతే పెన్సిలు పట్టుకోవడానికి ఎవరూ రారు.

అయ్యాక

సోమవారం చార్టును చుట్టేముందు పెన్సిలు దిద్దుబాట్లన్నీ ముక్కలు ముక్కలుగా ఫొటో తీయండి. పక్షం రోజుల్లో సరిచేసిన చార్టు, రికార్డు చేసిన మాటలు, ఫొటోలు శాఖకొక పెన్‌డ్రైవ్‌లో పంపాలి. వాట్సాప్‌లో పెడితే ఫొటో చిన్నదైపోతుంది, ఆరు నెలలకు ఎక్కడుందో తెలియదు. వియ్యాలవారికి జెడ్‌కామ్ ఫైలు (వంశవృక్షాల ప్రోగ్రాంలన్నీ చదివే ఫైలు రకం) పంపితే వాళ్ళ ప్రోగ్రాంలో నేరుగా తెరుచుకుంటుంది. మన మేనరికపు అడ్డగీతలు సరిగ్గా వచ్చాయో లేదో ఒకసారి వీడియో కాల్‌లో కలిసి చూసుకోండి. ఎవరి పేరు పక్కనైనా ఇద్దరు రెండు రకాలుగా దిద్ది ఉంటే ఏదీ కొట్టేయకుండా రెండూ ఉంచి, ఎవరు చెప్పారో రాసి, దస్తావేజు దొరికే దాకా పెన్సిలుతోనే వదిలేయండి.